ఏళ్లుగా ఆగిపోయిన పాత క్వారీ డంపర్‌ను మళ్లీ స్టార్ట్ చేయడం ఎలా?

పాత డంపర్ చేతికొస్తే ఎవరికైనా ముందు చేయాలనిపించేది ఒకటే: బ్యాటరీలు తెచ్చి తగిలించి సెల్ఫ్ కొట్టి చూడటం. దయచేసి ఆ పనిని చివరికి పెట్టుకోండి. ఇంజిన్ స్టార్ట్ కాకపోతే పోయేది ఒక రోజు పని. లేపిన బాడీ కిందికి దిగినా, టైరు రింగు ఎగిరినా పోయేది మనిషి ప్రాణం. అందుకే టైర్లు, సస్పెన్షన్, బాడీ, బ్రేకులు చూసిన తర్వాతే ఇంజిన్ జోలికి వెళ్లాలి.

ఇక్కడ చెప్పేదంతా 1960ల నుంచి 1980ల దాకా గనుల్లో, క్వారీల్లో, డ్యామ్ పనుల్లో తిరిగిన 35 టన్నుల సరుకు మోసే తరగతి డంపర్ల గురించి. మన సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల్లో పనిచేసినవాళ్లకు ఈ సైజు బండ్లు బాగా తెలుసు. ఖాళీ బండే సుమారు 30 టన్నులు ఉంటుంది. ఒక్కరే చేసే పని కాదిది. డీజిల్ ఇంజిన్ తెలిసిన మెకానిక్, హైడ్రాలిక్స్ తెలిసిన ఫిట్టర్, పెద్ద టైర్ల పనిలో చేయి తిరిగిన మనిషి, ఈ ముగ్గురూ ఉండాలి.

ముందు ఏ బండో తేల్చుకోండి

పెయింటు పోయి, స్టిక్కర్లు ఊడిపోయినా ఫ్రేము మీద, ఇంజిన్ బ్లాకు మీద నంబర్ ప్లేట్లు సాధారణంగా మిగిలే ఉంటాయి. వైర్ బ్రష్‌తో గట్టిగా రుద్దకండి, అక్షరాలు అరిగిపోతాయి. డీజిల్‌లో ముంచిన గుడ్డతో నానబెట్టి తుడిచి ఫొటో తీసుకోండి. ఆ నంబర్లతోనే సరైన సర్వీస్ మాన్యువల్ వెతకాలి. కింద నేను చెప్పేదానికీ ఆ మాన్యువల్‌కీ తేడా వస్తే మాన్యువల్ మాటే వినండి.

కంపెనీ పేరు తెలిస్తే లోపల ఏముందో సగం తెలిసినట్టే. అమెరికాలోని యూక్లిడ్ కంపెనీ 1934లో ట్రాక్‌ట్రక్ అనే బండిని తెచ్చింది. రోడ్డు లారీని బలపరిచి తయారుచేసింది కాదది, తవ్వకాల పని కోసమే పుట్టిన బండి. పాత యూక్లిడ్‌లలో కమాన్ కట్టలే ఎక్కువ. 1953లో జనరల్ మోటార్స్ యూక్లిడ్‌ను కొనుక్కుంది. గుత్తాధిపత్యం కేసు వల్ల 1968లో ఆ పేరునూ, అమెరికాలోని వ్యాపారంలో కొంత భాగాన్నీ వైట్ మోటార్‌కు వదులుకుని, తర్వాత టెరెక్స్ అనే కొత్త పేరు పెట్టుకుంది. అందుకే ఆ కాలపు యూక్లిడ్, టెరెక్స్ బండ్లు అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. స్పేర్ పార్ట్స్ వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకండి.

హాల్‌పాక్ అయితే దారి వేరు. రాల్ఫ్ క్రెస్ డిజైన్‌తో లెటూర్నో వెస్టింగ్‌హౌస్ కంపెనీ 1957లో తెచ్చిన ఈ బండిలో కమాన్ కట్టలకు బదులు నైట్రోజన్, ఆయిల్ కలిసి పనిచేసే సస్పెన్షన్ సిలిండర్లు వచ్చాయి. బరువు కిందికి దిగేలా బాడీ అడుగు వి ఆకారంలో ఉంటుంది. అదే క్రెస్ తర్వాత కేటర్‌పిల్లర్‌కు వెళ్లారు. ఆ కంపెనీ 769 మోడల్ 1960ల మొదట్లో వచ్చింది. దాని వెనక బ్రేకులు ఆయిల్‌లో చల్లబడే డిస్కులు.

చక్రాల హబ్బుల్లో ఎలక్ట్రిక్ మోటార్లు కనిపిస్తే అక్కడే ఆగండి. యూనిట్ రిగ్ కంపెనీ 1963లో తెచ్చిన ఎం-85 లాంటి డీజిల్ ఎలక్ట్రిక్ బండ్లవి. వాటి వైండింగుల ఇన్సులేషన్‌ను మెగ్గర్‌తో పరీక్షించే ఎలక్ట్రీషియన్ లేకుండా ముట్టుకోవద్దు.

బండిని కట్టడి చేయండి

గట్టి సమతలం మీద ఉంటే సరే. వాలులో ఉన్నా, సమతలం మీద ఉన్నా నాలుగు వైపులా చక్రాలకు మందపాటి చెక్క దుంగలు పెట్టండి. రాళ్లు పెట్టకండి, జారతాయి. బ్యాటరీ కేబుళ్లు విప్పేయండి. ఇంజిన్ కవర్, ఎయిర్ క్లీనర్, బెల్లీ గార్డు (ఇంజిన్ అడుగున ఉండే రక్షణ రేకు) దగ్గర కర్రతో తట్టి చూడండి. పాములు, కందిరీగల పట్లు, ఎలుకల గూళ్లు మామూలే. చాలా డంపర్లలో సైలెన్సర్ పొగ బాడీ అడుగున ఉన్న బోలు పక్కటెముకల గుండా పోతుంది. తడి మట్టి బాడీకి అంటుకోకుండా ఆ వేడి కాపాడుతుంది. ఆ దారి కూడా గూళ్లతో మూసుకుపోయి ఉండొచ్చు, మర్చిపోకుండా చూడండి.

టైర్లు: ఇక్కడ తొందరపడొద్దు

ఈ తరగతి బండ్లకు సాధారణంగా 18.00-33 సైజు టైర్లు ఆరు ఉంటాయి. ఒక్కోటి దాదాపు మనిషంత ఎత్తు. టైరు పక్కగోడ పగుళ్లు అందరూ చూస్తారు, కానీ అసలు ప్రమాదం రిమ్ములో ఉంది. ఈ రిమ్ములు చాలా ముక్కలతో కూర్చినవి. ఒక సన్నటి లాక్ రింగు మొత్తాన్ని పట్టి ఉంచుతుంది. ఆ రింగు కూర్చునే గాడి తుప్పు పట్టి తినేసి ఉంటే, గాలి నింపేటప్పుడు రింగు ఫిరంగి గుండులా వస్తుంది.

కాబట్టి చక్రం నట్లు ఒక్కటి కూడా తిప్పకముందే వాల్వ్ పిన్ను తీసి గాలి పూర్తిగా వదిలేయాలి. వెనక జంట చక్రాలకైతే బయటి టైరుకీ లోపలి టైరుకీ, రెండింటికీ తీయాలి. పిన్ను తీశాక వాల్వ్‌లో సన్న తీగ దూర్చి చూడండి. మట్టి, తుప్పు అడ్డుపడితే గాలి పోయినట్టే అనిపిస్తుంది కానీ లోపల ఉంటుంది. మళ్లీ నింపేటప్పుడు పొడవాటి హోస్, వాల్వ్‌కు దానంతటదే పట్టుకునే క్లిప్ వాడి, చక్రానికి ఎదురుగా కాకుండా ట్రెడ్ వైపు, దూరంగా నిలబడాలి. టైర్లకు గాలి నింపే ఇనుప పంజరం ఉంటే అందులోనే నింపాలి.

ఇంకో మాట. టైరు ఉన్న రిమ్ము మీద వెల్డింగ్ చేయొద్దు. బిగుసుకున్న నట్లను గ్యాస్ కట్టర్‌తో కాల్చొద్దు. గాలి తీసేశాం కదా అని ధైర్యం చేసేవాళ్లు ఉన్నారు. ఆ వేడికి లోపలి రబ్బరు మాడి మండే వాయువులు పుడతాయి. టైరు అప్పుడే కాదు, కొన్ని గంటల తర్వాత కూడా పేలొచ్చు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మొహమాటానికీ లొంగను. వెల్డింగ్ చేయాలంటే టైరు రిమ్ము నుంచి విడిపోవాల్సిందే.

సస్పెన్షన్, బాడీ

నైట్రోజన్ సిలిండర్లున్న బండికి ముందు నిలబడి క్రోమ్ రాడ్లు చూడండి. రెండు వైపులా సమానంగా కనిపించాలి. ఒక వైపు పూర్తిగా లోపలికి దిగిపోతే గ్యాస్ పోయినట్టు. అయినా లోపల ప్రెషర్ లేదని అనుకోవద్దు. మాన్యువల్‌లో చెప్పిన పద్ధతిలో గ్యాస్ వదలకుండా ఏ బోల్టూ విప్పకూడదు. నింపేది డ్రై నైట్రోజనే. వెల్డింగ్ షెడ్డులో ఆక్సిజన్ సిలిండర్ చేతికందేంత దూరంలోనే ఉంటుంది. దాన్ని పొరపాటున కూడా ఎక్కించొద్దు. ఆయిల్, ఆక్సిజన్ ప్రెషర్‌లో కలిస్తే బాంబే.

బాడీ కింద పనుంటే క్రేన్‌తో లేపి, కంపెనీ ఇచ్చిన బాడీ పిన్నులు గానీ, ఇనుప తాడు గానీ వేశాకే మనిషి కిందికి వెళ్లాలి. బాడీని లేపే హాయిస్టు సిలిండర్లను నమ్మి ఎవరినీ కిందికి పంపొద్దు. లోపలి సీళ్లు ఎండిపోయి ఉంటాయి.

బ్రేకులు: ఇంజిన్ లేకుండానే చూడొచ్చు

ఈ బండ్లలో చాలావాటికి గాలితో ఆయిల్‌ను తోసే బ్రేకులు ఉంటాయి. ముందు ఎయిర్ ట్యాంకుల డ్రెయిన్ తెరిచి నీళ్లు, తుప్పు వదిలేయండి. తర్వాత బయటి కంప్రెసర్ హోస్ తెచ్చి బండి ట్యాంకుకు తగిలించండి. గేజీ 100 పీఎస్ఐ దగ్గరికి వచ్చాక హోస్ తీసేసి, పెడల్ తొక్కిపెట్టి ఒకరు క్యాబిన్‌లో కూర్చోండి. మిగిలినవాళ్లు సబ్బు నీళ్లతో కీళ్లన్నీ తడపండి. బుడగలు వచ్చిన చోటల్లా పనుంది. ఒక్కో చక్రం దగ్గర బ్రేకు పట్టుకుంటోందా, వదిలేస్తోందా కూడా చూసుకోండి. డ్రమ్ముల్లో దుమ్మును గాలి కొట్టి ఊదొద్దు. ఆ కాలపు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. తడిపి, మాస్కు పెట్టుకుని తుడవండి.

ఇప్పుడు ఇంజిన్

ముందుగా ఇంజిన్ ఆయిల్ డ్రెయిన్ ప్లగ్గును మెల్లగా వదులు చేయండి. నీళ్లు ఉంటే ఆయిల్ కన్నా ముందు అవే వస్తాయి. ఆయిల్ అంతా తీసేశాక కొత్తది వెంటనే పోయకండి. ప్లగ్గు తీసి ఉంచి, రేడియేటర్‌లో మాత్రం నీళ్లు నింపి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున్నే డ్రెయిన్ కింద పెట్టిన డబ్బాలో నీటి చుక్కలుంటే లైనర్ల (సిలిండర్ లోపలి గొట్టాల) కింది రబ్బరు రింగులో, హెడ్ గాస్కెట్టో పోయినట్టు. ఇంజిన్ విప్పక తప్పదు. డబ్బా పొడిగా ఉంటే కొత్త ఫిల్టర్లు వేసి ఆయిల్ పోయండి.

తర్వాత ఇంజెక్టర్లు తీసి ఒక్కో సిలిండర్‌లో కొంచెం పల్చటి ఆయిల్ పోసి, ఒకటి రెండు రోజులు నాననివ్వండి. ఇంజిన్‌ను చేత్తో తిప్పాలి. పొడవాటి బార్‌తో క్రాంక్‌ను పూర్తిగా రెండు చుట్లు తిప్పితే ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో అన్ని వాల్వులూ ఒకసారి తెరుచుకుని మూసుకుంటాయి. ఎక్కడైనా గట్టిగా ఆగితే బలం పెట్టకండి. అతుక్కున్న వాల్వో, రింగో ఉంటుంది. టర్బో చక్రం వేలితో తేలిగ్గా తిరగాలి. దాని ఆయిల్ పైపు విప్పి కొంచెం ఆయిల్ పోయండి.

పాత డీజిల్ ట్యాంకులో వదిలేయకండి. అడుగున జిగురు, నీళ్లు పేరుకుని ఉంటాయి. మొదటిసారి డబ్బాలోంచి పైపు వేసి శుభ్రమైన డీజిల్ ఇవ్వడం మేలు.

కమ్మిన్స్ ఇంజిన్ అయితే డీజిల్ పంపే పీటీ పంపు మీద సోలనాయిడ్ (కరెంటుతో డీజిల్ దారి తెరిచే వాల్వు) ఉంటుంది. దాని వైరు పీకేసి, పక్కనున్న చిన్న మరను పూర్తిగా వెనక్కి తిప్పి ఉంచితే డీజిల్ ఆగిపోతుంది. అలా పెట్టి, గేజీలో ఆయిల్ ప్రెషర్ కనిపించేదాకా సెల్ఫ్ కొట్టండి. ఒక్కసారికి 30 సెకన్లు మించొద్దు, మధ్యలో 2 నిమిషాలు ఆపండి. జనరల్ మోటార్స్ వాళ్ల టూ స్ట్రోక్ డెట్రాయిట్ ఇంజిన్ అయితే జాగ్రత్త రెట్టింపు. ఏళ్లుగా ఆగితే ఇంజెక్టర్ల ర్యాక్ (ఎంత డీజిల్ పోవాలో నియంత్రించే కడ్డీ) ఫుల్ డీజిల్ స్థితిలో బిగుసుకుపోయి, స్టార్టవగానే ఇంజిన్ అదుపు తప్పి పరుగెత్తొచ్చు. వాల్వ్ కవర్ తీసి ర్యాక్ చేత్తో అటూ ఇటూ స్వేచ్ఛగా కదులుతోందో లేదో చూడండి. గాలిని ఆపే ఎమర్జెన్సీ ఫ్లాప్ పనిచేయాలి. అది నమ్మకంగా లేకపోతే, గాలి దారిని మూసేంత మందపాటి చెక్క పలక పట్టుకుని ఒకరు సిద్ధంగా ఉండాలి. చెయ్యి, గుడ్డ అడ్డం పెట్టకూడదు, ఇంజిన్ లాగేసుకుంటుంది.

అంతా సరే అనుకున్నాక డీజిల్ ఇచ్చి స్టార్ట్ చేయండి. 15 సెకన్లలో ఆయిల్ ప్రెషర్ రాకపోతే వెంటనే ఆపేయండి. మొదట్లో తెల్ల పొగ మామూలే. వేడెక్కాక కూడా తగ్గకపోతే నీళ్లు లోపలికి పోతూ ఉండొచ్చు. రేస్ చేయొద్దు.

మొదటి కదలిక

స్టీరింగ్ పంపు ఇంజిన్‌తోనే తిరుగుతుంది. ఇంజిన్ ఆగితే స్టీరింగ్ రాయిలా బిగుస్తుంది. మీ బండిలో ఎమర్జెన్సీ స్టీరింగ్ ఉంటే, బండి నిలిపి ఉండగానే దాన్ని పరీక్షించండి. ఎయిర్ ప్రెషర్ పూర్తిగా ఎక్కాకే దుంగలు తీయండి. చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని ఫస్ట్ గేరులో పది అడుగులు వెళ్లి బ్రేకు వేయండి. వెనక్కి పది అడుగులు, మళ్లీ బ్రేకు. ఇలా కొన్నిసార్లు చేశాక హబ్బులన్నీ చేత్తో ముట్టుకుని చూడండి. మిగిలినవాటికన్నా వేడిగా ఉన్న చోట బ్రేకు వదలట్లేదు, లేదా బేరింగు పోయింది. చక్రాల నట్లు టార్క్ పెట్టి మళ్లీ బిగించండి. ఈ బండి హైవే మీద నడపడానికి కాదు, ఇంకో చోటికి తీసుకెళ్లాలంటే లోబెడ్ ట్రైలరే.

మొదటి కొన్ని గంటలు నడిచాక ఆయిల్, ఫిల్టర్లు మళ్లీ మార్చండి. ఏళ్ల మురికంతా అప్పుడే వస్తుంది. ఆ తర్వాత నెలకోసారైనా స్టార్ట్ చేయండి, కానీ ఐదు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచి ఆపేస్తే మేలు కన్నా కీడే ఎక్కువ, లోపలి తేమ పోదు. ఇంజిన్ బాగా వేడెక్కేదాకా యార్డులో తిప్పి, బాడీని రెండుసార్లు లేపి దించి, ఎయిర్ ట్యాంకుల నీళ్లు వదిలాకే ఆపండి.