కసాపురం చెప్పులు, ఈటా ఫోటాన్లు

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు మెసాన్ల (క్షణంలో విరిగిపోయే చిన్న కణాలు) క్షయం తీసుకున్న పిల్లలు నన్ను ముందుగా అడిగేది, "డేటా ఎక్కడ దొరుకుతుంది సార్?" అని. డేటా తర్వాత చూద్దాం. ముందు ఈటా అనే మెసాన్‌ను మీ ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రామ్ రాసి మీరే పుట్టించి, మీరే విరగ్గొట్టండి.

అసలు ప్రయోగం ఎలా జరుగుతుందో రెండు ముక్కల్లో చెప్తాను. అమెరికాలోని జెఫర్సన్ ల్యాబ్‌లో గ్లూఎక్స్ ప్రయోగం ఉంది. అక్కడ ఎలక్ట్రాన్లను పల్చటి వజ్రపు పలక మీదికి పంపితే ఫోటాన్లు (కాంతి కణాలు) పుడతాయి. ఎలక్ట్రాన్ దగ్గర మిగిలిన శక్తిని కొలిచి, ఫోటాన్ ఎంత పట్టుకుపోయిందో తేలుస్తారు. సంతకు పోయొచ్చినవాడి జేబు చూసి ఖర్చు లెక్క కట్టినట్టు. ఆ ఫోటాన్ ద్రవ హైడ్రోజన్‌లోని ప్రోటాన్‌ను కొడితే ఒక్కోసారి ఈటా పుడుతుంది. అందుకు కనీసం 708 ఎంఈవీ (మెగా ఎలక్ట్రాన్ వోల్టులు, కణాల శక్తినీ ద్రవ్యరాశినీ కొలిచే ప్రమాణం) శక్తి కావాలి. పుట్టిన ఈటా డిటెక్టర్ దాకా రాదు, పుట్టినచోటే విరిగిపోతుంది. మనకు చిక్కేవి ముక్కలే.

ఇక మీ పని. ఈటా ద్రవ్యరాశి సుమారు 548 ఎంఈవీ. నిశ్చలంగా ఉన్న ఈటా రెండు ఫోటాన్లుగా విరిగితే చెరి 274 తీసుకుని ఒకదానికొకటి వ్యతిరేక దిక్కులకు పోతాయి. దిక్కును యాదృచ్ఛికంగా ఎంచుకునేటప్పుడు అక్షంతో చేసే కోణాన్ని కాదు, దాని కొసైన్‌ను -1 నుంచి 1 దాకా సమానంగా తీయండి. కోణాన్నే తీస్తే ఫోటాన్లన్నీ ధ్రువాల దగ్గర గుమిగూడతాయి. తర్వాత లోరెంజ్ మార్పిడితో (కదిలేవాటి శక్తినీ దిక్కునూ తిరగరాసే సాపేక్షతా సూత్రాలు) ఈటాకు వేగం ఇవ్వండి. పొద్దున ఉగ్గాని తిని కూర్చుంటే మధ్యాహ్నానికి ఇంతవరకు వస్తుంది.

ఇప్పుడు వెనక్కి లెక్కించండి. రెండు శక్తులనూ గుణించి రెట్టింపు చేయండి. ఒకటిలోంచి వాటి మధ్య కోణపు కొసైన్ తీసేసి, వచ్చినదానితో దాన్ని గుణించండి. వర్గమూలమే ద్రవ్యరాశి. చెరి 500 ఎంఈవీ, మధ్య 66.4 డిగ్రీలు ఉంటే 548 రావాలి. అవే శక్తులకు 15.5 డిగ్రీలైతే 135, అంటే తటస్థ పయాన్, రెండు ఫోటాన్లుగా విరిగే ఇంకో మెసాన్. నేను మొదటిసారి రేడియన్లు అడిగే ఫంక్షన్‌కు డిగ్రీలిచ్చి, నాలుగు రోజులు హిస్టోగ్రామ్‌లో (ఏ ద్రవ్యరాశి ఎన్నిసార్లు వచ్చిందో చూపే పటం) గుట్ట కోసం వెతికాను. మే నెల అనంతపురం, పైగా కరెంటు కోతలు. ఆ టెన్షన్ మీకొద్దు, ముందే ఈ రెండు అంకెలతో సరిచూసుకోండి.

గుట్ట సన్నటి గీతలా వస్తే మురిసిపోవద్దు. ఏ డిటెక్టరూ అంత శుభ్రంగా చూడదు. ఒక్కో ఫోటాన్ శక్తిని ఐదారు శాతం అటూ ఇటూ కదిలించండి. గుట్ట వెడల్పవుతుంది.

అసలు తంటా ఇక్కడినుంచి. శ్రావణ శనివారం కసాపురం ఆంజనేయస్వామి గుడి బయట చెప్పులు చూశారా? ఏ ఎడమకు ఏ కుడో ఎవరికీ తెలీదు. ఫోటాన్లకూ పేర్లుండవు. ఈటా మూడు తటస్థ పయాన్లుగా విరిగితే చివరికి ఆరు ఫోటాన్లు. వాటిని మూడు జతలు చేయడానికి 15 దారులు. మూడు జతలూ 135కు దగ్గరగా వచ్చే దారిని ఎంచుకోవడం మామూలే. కానీ 'దగ్గరున్నదే జత' అని ఏరుకుంటూ పోతే చెత్త పోసినా 135 దగ్గర గుట్ట లేస్తుంది! అందుకే ఏ పయాన్‌తోనూ సంబంధంలేని ఆరేసి ఉత్తుత్తి ఫోటాన్లను పుట్టించి, అదే ప్రోగ్రామ్ మీద నడపండి. నా మాట వింటే, ఈ ఒక్కదానికే వారం కేటాయించండి.

ఇంకో జల్లెడ: వచ్చిన ఫోటాన్ శక్తికి ప్రోటాన్‌ను కలిపి, ఈటా ముక్కల శక్తీ ద్రవ్యవేగమూ తీసేస్తే మిగిలే ద్రవ్యరాశి 938 దగ్గర, అంటే ప్రోటాన్ ద్రవ్యరాశి దగ్గర ఉండాలి. లేకపోతే ఏదో ముక్క తప్పిపోయింది, లేదా వేరేది కలిసింది.

ఈ ఉత్తుత్తి ఫోటాన్ల గుట్టను కూడా ప్రింటు తీసి, రిపోర్టులో అసలు గుట్ట పక్కనే అతికించండి. వైవాలో నేను మొదట అడిగేది దాని గురించే.