సర్టిఫికెట్ గోడ మీదుంది, లీకు మళ్లీ మొదలైంది

నేవీ, షిప్‌యార్డు, ప్రభుత్వ కార్యాలయాలు అన్నీ ఉన్న ఊరు విశాఖ. అయినా 'క్వాలిటీ సిస్టమ్ (పని నాణ్యంగా జరిగేలా పెట్టుకునే పద్ధతులు) అంటే ప్రైవేటు కంపెనీల గోల, మనకెందుకు' అనే మాట ఇక్కడా వినిపిస్తుంది. నిజానికి దీని మూలాలు మిలిటరీలోనే ఉన్నాయి. అమెరికా రక్షణ శాఖ తన సరఫరాదారుల కోసం మిల్-క్యూ-9858 ప్రమాణం తెచ్చింది 1959లో. క్వాలిటీ సిస్టమ్‌కి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 9001 వచ్చింది 1987లో. గోడ మీద కనిపించే సర్టిఫికెట్ దీనిదే. సర్టిఫికెట్ ఉన్నా మళ్లీ మళ్లీ వచ్చే నాలుగు సమస్యలు చూద్దాం.

సమస్య: రిపేరు చేసిన పంపు గ్లాండ్ దగ్గర, అంటే షాఫ్ట్ బయటికొచ్చే చోట, మళ్లీ కారుతోంది.

పైకి కనిపించే కారణం ప్యాకింగ్ (షాఫ్ట్ చుట్టూ బిగించే తాడులాంటి సీలు) అరిగిపోవడం. కొత్తది వేసి జాబ్ కార్డు మూసేస్తారు. కొన్నాళ్లకు అదే పంపు, అదే ఫిర్యాదు. చెక్‌లిస్టు ఒకసారి తీసి చూడండి. 'లీకు: నిల్' అని ఉందా? గ్లాండ్ ప్యాకింగ్‌కి కొన్ని చుక్కలు కారడం అవసరం, ఆ నీళ్లే దాన్ని చల్లబరుస్తాయి. నిల్ అని రాయాలి కాబట్టి ఫిట్టరు నట్లు బిగించేస్తాడు. ప్యాకింగ్ మాడుతుంది, స్లీవ్ (షాఫ్ట్ మీది తొడుగు) మీద గీతలు పడతాయి, ఆపైన ఎన్ని ప్యాకింగులు మార్చినా లీకు ఆగదు. తప్పు ఫిట్టరుది కాదు, ఆ ఫారానిది. మెమో ఇస్తే వచ్చేసారి ఇంకా గట్టిగా బిగిస్తాడు, అంతే.

పరిష్కారం: చెక్‌లిస్టులో 'నిల్' కొట్టేసి, మాన్యువల్ ఒప్పుకునే చుక్కల లెక్క రాయండి. స్లీవ్ అరుగుదల, షాఫ్ట్ రనౌట్ (తిరిగేటప్పుడు పక్కకు ఊగడం) కొలిచాకే ప్యాకింగ్ ఇవ్వాలని స్టోర్స్‌కి చెప్పండి. ఐఎస్‌ఓ 9001లో 10.2 క్లాజు అడిగేది ఇదే: లీకు ఆపడంతో సరిపోదు, ఎందుకొచ్చిందో తేల్చి ఆ కారణాన్ని తీసేయాలి.

సమస్య: అర్జీ 'పరిష్కారమైంది' అని మెసేజ్ వస్తుంది, సోమవారం అదే మనిషి మళ్లీ కలెక్టరేట్‌లో లైన్లో ఉంటాడు.

కారణం: పై నుంచి అడిగేది ఎన్ని క్లోజ్ చేశారనే. 'సంబంధిత శాఖకు పంపడమైనది' అని రాసినా లెక్కలో క్లోజే.

పరిష్కారం: తిరిగొచ్చిన అర్జీలను విడిగా లెక్కపెట్టండి. మూసేముందు అర్జీదారుకి ఫోన్ చేయండి. ప్రజాసేవల కోసం భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ తెచ్చిన ఐఎస్ 15700 ప్రమాణం సిటిజన్ చార్టర్‌ని (ఏ సేవ ఎన్నాళ్లలో చేస్తామో చెప్పే హామీ పత్రం), ఫిర్యాదుల పరిష్కారాన్ని కలిపే చూస్తుంది. చార్టర్‌లో గడువు లేని పనికి ఆలస్యం అయిందని ఎవరిని అడుగుతాం?

సమస్య: ఆడిట్‌కి వారం ముందు రిజిస్టర్లన్నీ ఒకే పెన్నుతో నిండుతాయి.

కారణం: ఆ రిజిస్టరు ఆడిటర్‌కి తప్ప ఎవరికీ పనికిరాదు. అలాంటిది తీసేయండి. ఫలానా రిజిస్టరే పెట్టాలని ఐఎస్‌ఓ 9001 2015 ఎడిషన్ ఎక్కడా అనదు, క్వాలిటీ మాన్యువల్‌ని కూడా తప్పనిసరి చేయదు.

సమస్య: పెద్దాఫీసరు బదిలీ కాగానే అంతా ఆగిపోతుంది.

కారణం: అది ఆయన ప్రాజెక్టుగానే నడిచింది. చార్జ్ అప్పగించే నోట్‌లో పెండింగ్ లోపాలు, వాటి బాధ్యులు, తదుపరి రివ్యూ తేదీ రాయించండి. కొత్తగా వచ్చినవారు సంతకం పెట్టేది వాటి కిందే ఉండాలి.