సంపూర్ణ సూర్యగ్రహణం చూడాలనుకుంటే

1980 ఫిబ్రవరి 16, శనివారం, సంపూర్ణ సూర్యగ్రహణం. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మలక్‌పేటలో మా ఇంటి కిటికీలన్నిటికీ దుప్పట్లు కట్టేశారు. ఊరగాయ జాడీల మీద గరిక వేసి, నట్టింట్లో పళ్ళెం పెట్టి, అందులో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టింది అమ్మ. సరిగ్గా ఆ సమయానికి, నగరం దాటి కొద్ది దూరంలోనే, ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ళ జాపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో శాస్త్రవేత్తలు పట్టపగటి చీకట్లో సూర్యుణ్ణి ఫొటోలు తీస్తున్నారు. కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు చెప్పే రోజుల్లో ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోయేది. చివరికి 2024 ఏప్రిల్ 8న డల్లాస్‌లో, మా అమ్మాయి ఇంటి పెరట్లో చూశాను. నలభై నాలుగేళ్ళు పట్టింది. మీకు అంత ఆలస్యం కాకూడదని రాస్తున్నాను.

అన్నిటికంటే ముఖ్యం, చంద్రుడి నీడ నడిచే దారిలోపలికి వెళ్ళండి. "మా ఊళ్ళో తొంభై తొమ్మిది శాతం పడుతుందట, చాలదా?" అని అడుగుతారు. చాలదు. నిండు సూర్యుడి వెలుగు పున్నమి చంద్రుడికి దాదాపు నాలుగు లక్షల రెట్లు. అందులో ఒక్క శాతం మిగిలినా కొన్ని వేల పున్నములు కలిసినంత వెలుగు. సూర్యుడి చుట్టూ ఉండే పల్చటి వాయువుల పొరని కరోనా అంటారు, దాని వెలుగేమో సుమారు ఒక్క పున్నమి. ఆ ఒక్క శాతం పోతే తప్ప అది కంటికి ఆనదు.

దగ్గర్లో ఉన్న మంచి అవకాశం 2027 ఆగస్టు 2. ఈజిప్టులో లక్సర్ దగ్గర ఆరు నిమిషాల పైన చీకటి. హైదరాబాద్‌లో ఆ సాయంత్రం పాక్షికమే, అదీ మబ్బులు కరుణిస్తే. మన దేశంలో సంపూర్ణం కావాలంటే 2034 మార్చి 20న లదాఖ్ వైపు వెళ్ళాలి. మబ్బుల సంగతి తేలిగ్గా తీసుకోకండి. 2009 జూలై 22న బీహార్‌లోని తారేగనాకి ఎక్కడెక్కడి నుంచో జనం వెళ్ళారు, వానాకాలం మబ్బు కమ్మేసింది. ఆగస్టులో లక్సర్ ఆకాశం నిర్మలం, ఎండ మాత్రం నలభై డిగ్రీలు దాటుతుంది. గొడుగు, నీళ్ళు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు మర్చిపోవద్దు.

గ్రహణం చూసే కళ్ళజోడు ఐఎస్‌ఓ 12312-2 (సూర్యుణ్ణి నేరుగా చూసే కళ్ళజోళ్ళకి అంతర్జాతీయ ప్రమాణం) ఉన్నదే కొనండి. పెట్టుకుని ఇంట్లో ట్యూబ్‌లైటు వైపు చూడండి, ఏమీ కనబడకూడదు. కనబడితే పారేయండి. ఎక్స్‌రే ఫిల్ములు, మసి పట్టించిన అద్దాలు, పేడనీళ్ళలో ప్రతిబింబం, ఏవీ వద్దు. ఆ కళ్ళజోడు పెట్టుకుని బైనాక్యులర్లలోంచి అసలే చూడకూడదు.

మొదటి గంట పైచిలుకు సూర్యుడు మెల్లగా కరుగుతాడు. అప్పుడు కింద చూడండి. నేను వంటింట్లోంచి చిల్లుల గరిటె తెచ్చి తెల్ల కాగితం మీద నీడ పట్టాను. ప్రతి చిల్లుకీ ఒక చిన్న నెలవంక. చెట్టు కింద కూడా అంతే, ఆకుల సందుల్లోంచి పడ్డ వెలుగంతా నెలవంకలే. ఆఖరి పది నిమిషాల్లో వెలుగు పల్చబడుతుంది, అది సంధ్యవేళ ఎరుపు కాదు, సీసపు రంగు. నా వేళ్ళ నీడ కత్తితో కోసినట్టుంది. గాలి చల్లబడింది.

కళ్ళజోడు ఎప్పుడు తియ్యాలో, ఎప్పుడు పెట్టాలో చెప్పే పని ఒకరికి అప్పజెప్పండి. మాకు అల్లుడు చెప్పాడు. ఉంగరానికి పొదిగిన వజ్రంలా ఒక్క చుక్క మిగిలి, అదీ ఆరిపోయాక "అత్తయ్యా, తీసెయ్యండి" అన్నాడు. సూర్యుడుండాల్సిన చోట నల్లటి బిళ్ళ, దాని చుట్టూ దూదిని వేళ్ళతో లాగినట్టు తెల్లటి పోగులు. కింది అంచున ఒక గులాబీ రంగు చుక్క, కుంకుమ గింజంత. అది సూర్యుడి అంచున మంటలా పైకి లేచిన వేడి హైడ్రోజన్ వాయువు. 1868 ఆగస్టు 18న మన గుంటూరులో జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఇలాంటి మంటల వర్ణపటాన్నే, అంటే వెలుగుని విడదీస్తే వచ్చే రంగుల గీతల్ని, పరిశీలించాడు. హీలియం వాయువు కథ మొదలైంది ఆ గీతల్లోనే. పక్కన శుక్రుడు. నాలుగు దిక్కులా ఆకాశం అంచున నారింజ వెలుగు.

ఫోన్లు ఇంట్లో పెట్టండి. మాకు దొరికింది నాలుగు నిమిషాల లోపే, అందులో అర నిమిషం నేను ఫోన్‌తో పోగొట్టుకున్నాను. ఆ ఫొటోలో ఉన్నది మసకబారిన తెల్ల మచ్చ. రెండో అంచున వెలుగు మెరవగానే మళ్ళీ కళ్ళజోడు పెట్టేయండి.

హైదరాబాద్‌లో అప్పుడు అర్ధరాత్రి దాటింది. అమ్మ మేలుకునే ఉంది. "గులాబీ చుక్క కనబడిందమ్మా" అన్నాను. "ఎంతుంది?" అని అడిగింది. కుంకుమ గింజంత అని చెప్పాను.