ఐదో పాఠం: ముందు చక్రాలకు వెడల్పు టైర్లు – కొనకముందు కొలత

పోయిన పాఠంలో మీ కారు నాలుగు టైర్ల మీద ఉన్న అంకెలను నోటు పుస్తకంలో రాసుకోమన్నాను. ఆ పేజీ తెరిచి పక్కన పెట్టుకోండి. ఈ పాఠంలో టైరు కొనం, జాకీ ఎత్తి చక్రం కూడా విప్పం. కొలుస్తాం, అంతే. నా దృష్టిలో ఈ ధారావాహిక మొత్తంలో ముఖ్యమైన పాఠం ఇదే.

మనం ఉదాహరణగా తీసుకున్న కారుకు ముందు 225/45 ఆర్ 18, వెనుక 255/40 ఆర్ 18 టైర్లున్నాయి. ఇందులో 225 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 45 అంటే ఆ వెడల్పులో టైరు గోడ ఎత్తు ఎంత శాతమో, 18 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో. ఇంజను శక్తి నాలుగు చక్రాలకూ అందుతుంది. ముందు రిమ్ము వెడల్పు 7.5 అంగుళాలు, ఈటీ (చక్రం ఎంత లోపలికి కూర్చుంటుందో చెప్పే సంఖ్య, వివరం కింద వస్తుంది) 45. ఇలా వెనుక వెడల్పుగా, ముందు సన్నగా ఇవ్వడం వెనుక తయారీదారు ఆలోచన ఒకటుంది. వేగంగా మలుపు తిరిగేటప్పుడు ముందు టైర్లే మొదట పట్టు కోల్పోవాలి. స్టీరింగ్ తిప్పినంత తిరగకుండా కారు ముక్కు బయటి అంచు వైపు జారుతుంది. మామూలు డ్రైవరు అది తెలియగానే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తాడు, కారు మళ్లీ దారికి వస్తుంది. వెనుక భాగం ముందుగా జారితే అంత తేలికగా సర్దుకోదు. కాబట్టి ముందు టైరు వెడల్పు చేయడమంటే తయారీదారు పెట్టిన ఆ రక్షణను కొంత తగ్గించడమేనని తెలిసే చేయాలి. చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై రేసు ట్రాకులో అది మేలు. శ్రీశైలం దారిలో ఈగలపెంట దాటాక డ్యామ్ వైపు దిగే మలుపుల్లో మాత్రం ఈ గుణాన్ని పరీక్షించే ప్రయత్నం ఎవరూ చేయవద్దు. అది అడవి దారి, ఎదురుగా బస్సులు వస్తుంటాయి.

వెడల్పు పెరిగితే నేలను తాకే వైశాల్యం కూడా పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. లెక్క వేసి చూద్దాం. ఒక ముందు చక్రం మీద 425 కిలోల బరువు ఉందనుకోండి. గాలి 33 పీఎస్‌ఐ, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 2.3 కిలోలు. 425ను 2.3తో భాగిస్తే దాదాపు 185 చదరపు సెంటీమీటర్లు వస్తాయి. గాలి మార్చకపోతే టైరు సన్ననిదైనా వెడల్పుదైనా ఈ వైశాల్యం ఇంచుమించు ఇంతే. మారేది ఆకారం. నేల మీద సన్న టైరు ముద్ర పొడవుగా, వెడల్పు టైరు ముద్ర అడ్డంగా, పొట్టిగా ఉంటుంది. పొట్టి ముద్ర మలుపులో తక్కువ మెలితిరిగి అంతే బలాన్ని అందిస్తుంది, ఆ భారాన్ని ఎక్కువ రబ్బరు పంచుకుంటుంది, వేడి కూడా తక్కువ. మన పట్టు అక్కడి నుంచి వస్తుంది. అదే అడ్డపు ముద్ర వాన నీటి మీద త్వరగా తేలిపోతుంది. జాతీయ రహదారి 65 మీద వానాకాలంలో నీళ్లు నిలిచిన చోట వేగం బాగా తగ్గించాలి.

మొదటి కొలత ఎత్తుది. 18 అంగుళాలు అంటే 457.2 మిల్లీమీటర్లు. 225లో 45 శాతం 101.25, పైనా కిందా రెండుసార్లు కలిపితే టైరు ఎత్తు 659.7. ఇదే లెక్కన వెనుక 255/40 ఎత్తు 661.2. తేడా ఒకటిన్నర మిల్లీమీటర్లే. ఇది యాదృచ్ఛికం కాదు. నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే కారులో ముందు వెనుక చక్రాలు ఒకే తీరున తిరగాలి, లేకపోతే ముందు వెనుకలకు శక్తిని పంచే మధ్యలోని క్లచ్ తిన్నని రోడ్డు మీద కూడా అరుగుతూనే ఉంటుంది. ముందు 245/40 వేస్తే ఎత్తు 653.2, వెనుక కంటే 8 మిల్లీమీటర్లు తక్కువ. 235/45 వేస్తే 668.7, ఏడున్నర ఎక్కువ. రెండూ ఒక శాతం దాటాయి, నేనైతే వెయ్యను. వెనుక చక్రాలకే శక్తి వెళ్లే కారైతే 245/40 చక్కటి ఎంపిక. మన కారుకు మిగిలింది ముందు కూడా 255/40. దానికి రిమ్ము కనీసం 8.5 అంగుళాలు ఉండాలి. పాత ఏడున్నర రిమ్ముకే ఎక్కించి ఇస్తామనే దుకాణం నుంచి లేచి వచ్చేయండి.

ఇప్పుడు అసలు చిక్కు. కొన్నేళ్ల క్రితం ఒక దుకాణంలో “సరిపోతుంది సార్” అన్న మాట నమ్మి నేను వెడల్పు టైర్లు వేయించుకున్నాను. వాళ్లూ కొలవలేదు, నేనూ కొలవలేదు. నార్కట్‌పల్లి దగ్గర కారు వెనక్కి మళ్లించేటప్పుడు లోపలి నుంచి గీరుతున్న చప్పుడు వచ్చింది. ఇంటికి చేరి చూస్తే టైరు లోపలి భుజం మీద చుట్టూ గోరు లోతున గాడి పడి ఉంది. రెండు కొత్త టైర్లనూ పక్కన పడేయవలసి వచ్చింది.

రిమ్ము మధ్య గీతకూ, అది హబ్బుకు (చక్రాన్ని బిగించే భాగానికి) ఆనే తలానికీ మిల్లీమీటర్లలో ఉన్న దూరమే ఈటీ. ఆ సంఖ్య తగ్గేకొద్దీ చక్రం బయటికి జరుగుతుంది. 225 నుంచి 255కు వెళితే వెడల్పు 30 పెరుగుతుంది, ఈటీ మార్చకపోతే లోపలికి 15, బయటికి 15. టైరు అసలు వెడల్పు తయారీని బట్టి కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ అవుతుంది, కొనే టైరు వివరాల పట్టికలో చూసుకోండి.

లోపల కొలవవలసింది టైరుకూ స్ట్రట్‌కూ (చక్రం వెనుక స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసి ఉండే నిలువు భాగానికీ) మధ్య సందు. చాలా కార్లలో స్టీరింగ్ తిప్పితే స్ట్రట్ కూడా చక్రంతో పాటే తిరుగుతుంది, కనుక ఈ సందు ఎప్పుడూ దాదాపు ఒకే తీరున ఉంటుంది. కారు నిలబెట్టి, చక్రం పక్కకు తిప్పి, వేలు పట్టే చోట డ్రిల్లు బిట్టును గేజిలా దూర్చి చూడండి. 14 మిల్లీమీటర్ల బిట్టు పట్టి 15ది పట్టకపోతే సందు 14. అందులోంచి 15 తీసేస్తే మిగిలేది ఏమీ లేదు. అదే కొత్త రిమ్ము ఈటీ 38 అయితే, పాత 45 కంటే 7 తక్కువ కనుక చక్రం 7 బయటికి జరుగుతుంది, లోపలికి పెరిగేది 8 మాత్రమే, 6 మిగులుతుంది. ఐదు కంటే తక్కువకు నేను ఒప్పుకోను. కానీ ఆ ఏడూ ఎక్కడికీ పోలేదు, బయటికి చేరి అక్కడి పెరుగుదల 22 అయింది.

బయటి సందు నిలకడగా ఉండదు. స్టీరింగ్ తిప్పినా మారుతుంది, కారు గుంతలో దిగినా మారుతుంది. దీన్ని స్కేలుతో పట్టుకోలేం. ఇక్కడే మట్టి కావాలి. వినాయక చవితి ముందు కుమ్మరుల దగ్గర దొరికే జిగట మట్టి శ్రేష్ఠం. చక్రం గూడు లోపలి ప్లాస్టిక్ తొడుగును తుడిచి, బంపరు మూలన, పైభాగాన, తలుపు వైపు మూలన నాలుగు సెంటీమీటర్ల మందాన ముద్దలు అతికించండి. ఎడమ ముందు చక్రం కింద, కుడి వెనుక చక్రం కింద గట్టి చెక్క పలకలు వేసి కారును మెల్లగా ఎక్కించండి. ఎత్తిన మూలల్లో స్ప్రింగులు నొక్కుకుంటాయి. ఒక మనిషి బయట నిలబడి చూస్తుండగా స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పండి, ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కి కదపండి. తర్వాత పలకలు మార్చి కుడి వైపు కూడా అలాగే చేయండి. ముద్దల్లో అన్నిటికంటే పలచబడిన చోటును కొలిస్తే అదే మీ బయటి సందు.

అది 34 వచ్చిందనుకోండి, 22 తీస్తే 12 మిగిలింది, ముందుకు వెళ్లవచ్చు. 28 వస్తే మిగిలేది 6. స్పీడ్ బ్రేకరు మీద కారు పలకల మీద కంటే లోతుగా దిగుతుంది, కనుక అది చాలదు. ఆ కారుకు 255 వద్దు. ఆ డబ్బుతో 225లోనే మేలైన రబ్బరు టైర్లు నాలుగూ తీసుకోండి, తేడా మీకే తెలుస్తుంది. ప్లాస్టిక్ కోసి, రేకు మడిచి ఎలాగోలా పట్టించే పని నేను నేర్పను.

ఈటీ తగ్గించినందుకు స్టీరింగ్ కూడా కొంత మూల్యం చెల్లిస్తుంది. ఎడ్లబండి చక్రం పాత గాడిలో పడితే ఎలా లాగుతుందో, లారీలు నలిపిన రోడ్డు మీద మీ చేతిలోని స్టీరింగ్ అలా లాగుతుంది. ఎంతవరకు ఫరవాలేదో అలైన్‌మెంట్ పాఠంలో చూద్దాం.

చట్టం సంగతి కూడా మరవకండి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. మీ కారుకు తయారీదారు ఆమోదించిన సైజులు తలుపు అంచున ఉన్న చీటీలోనో, మాన్యువల్‌లోనో ఉంటాయి. అందులో లేని సైజు రోడ్డు మీద నడిపే ముందు రవాణా కార్యాలయంలో అడగండి, బీమా సంస్థ నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

వచ్చే పాఠానికి మీ పుస్తకంలో ఆరు సంఖ్యలు ఉండాలి: రెండు ముందు చక్రాలకూ స్ట్రట్ సందు, మట్టి ముద్ద పలచన, ఇప్పటి ఈటీ. ఎడమ కుడి కొలతల్లో మూడు మిల్లీమీటర్ల కంటే ఎక్కువ తేడా వస్తే మట్టి తీసి మళ్లీ అతికించి కొలవండి. రెండోసారీ అంతే వస్తే కారు ఏదో గుంతలో దెబ్బ తిని ఉంటుంది, టైర్ల మాట పక్కన పెట్టి ముందు అది సరిచేయించండి.