సప్లిమెంట్ల ఆంక్షలపై అభ్యంతరం తెలపడం ఎలా?

వే ప్రొటీన్, క్రియేటిన్ వంటి పోషక సప్లిమెంట్లపై ఆంక్షలు వస్తున్నాయని వినగానే నెల్లూరు కలెక్టరేట్ ముందు ధర్నాకు దిగడం కంటే, నిర్ణయం ఎక్కడ జరుగుతుందో జిమ్ నిర్వాహకులు, వ్యాయామం చేసేవారు ముందుగా తెలుసుకోవాలి. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006 ప్రకారం ఈ నిబంధనలను రూపొందించేది ఢిల్లీలోని ఎఫ్ఎస్ఎస్ఏఐ (భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ). జిల్లాలోని ఆహార భద్రతాధికారులు వాటిని అమలు మాత్రమే చేస్తారు.

ముసాయిదా గెజిట్‌లో వెలువడినప్పుడు ప్రజల అభ్యంతరాలను ఆహ్వానిస్తారు. అసలు అవకాశం అప్పుడే. గడువులోగా పంపే లేఖలో ‘ఆంక్షలు వద్దు’ అని రాసి ఊరుకుంటే దానికి విలువ ఉండదు. ఏ నిబంధన, ఏ పదార్థం, ఎంత మోతాదు అన్నది పేర్కొని, ఆ పరిమితి ఎందుకు అసమంజసమో ఆధారాలతో చూపి, దాని స్థానంలో ఏ వాక్యం ఉండాలో కూడా సూచించాలి. పరిమితికి ప్రాతిపదిక ఏమిటో సమాచార హక్కు చట్టం, 2005 కింద 10 రూపాయల రుసుముతో అడగవచ్చు. సాధారణంగా 30 రోజుల్లో జవాబివ్వాలి. లేఖ ప్రతిని మన లోక్‌సభ సభ్యునికి ఇచ్చి, సభలో ప్రశ్న వేయమని కోరాలి.

అయితే కండలు పెంచే మందులైన అనబాలిక్ స్టెరాయిడ్లను, నకిలీ డబ్బాలను వెనకేసుకొచ్చే వాదనను ఆ లేఖలోకి ఎంతమాత్రం రానివ్వకూడదు. అవి మన కుర్రాళ్ల ప్రాణాలకే ముప్పు.

నిబంధన అమల్లోకి వచ్చాక అన్యాయమనిపిస్తే, రాజ్యాంగంలోని 226వ అధికరణం కింద అమరావతిలోని హైకోర్టును ఆశ్రయించవచ్చు.