సార్వా కోతలకు ముందు టర్బో పికప్‌కి జాగ్రత్తలు

కోతలు మొదలయ్యాక పికప్ బండికి తీరిక ఉండదు. రోజంతా పొలం నుంచి కల్లానికి, కల్లం నుంచి మిల్లుకి తిరుగుతూనే ఉంటుంది. మధ్యలో తుపాను కబురు వచ్చిందంటే ఉన్న ధాన్యమంతా రాత్రికి రాత్రే ఎత్తెయ్యాలి. ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో మొరాయించేది సరిగ్గా అప్పుడే. కాబట్టి చూడాల్సినవి అక్టోబరులోనే చూసేసుకోండి. టర్బో తనంతట తాను పోవడం అరుదు. మురికి ఆయిలో, ఊక దుమ్మో, ఎక్కడో పగిలిన గొట్టమో దాన్ని పాడు చేస్తాయి. ఆ కారణం పట్టుకోకుండా టర్బో ఒక్కటే మారిస్తే కొత్తదీ నెల తిరక్కుండా షెడ్డుకొస్తుంది.

ముందు ఆయిల్. టర్బో షాఫ్టు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. దానికి ఆధారం పల్చటి ఆయిల్ పొర ఒక్కటే. సీజన్‌కి ముందు ఫిల్టరుతో సహా ఆయిల్ మార్చండి. గ్రేడు బండి పుస్తకంలో రాసిందే వాడాలి. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే జల్లెడ) ఉన్న బీఎస్-6 బండికి పాత మోడళ్ల గ్రేడు ఆయిల్ పోస్తే డీపీఎఫ్ త్వరగా పూడుకుపోతుంది. ఈ బండ్లతో ఇంకో చిక్కుంది. పొలానికీ మిల్లుకీ మధ్య నాలుగైదు కిలోమీటర్ల ట్రిప్పుల్లో డీపీఎఫ్ మసిని కాల్చుకుని శుభ్రమయ్యే పని సగంలో ఆగిపోతుంది, కాలని డీజిల్ కొంత ఆయిల్లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరిగిందంటే సంతోషించాల్సిన విషయం కాదు. ఆయిల్ పల్చబడి బేరింగును కాపాడలేని స్థితికి వచ్చిందని అర్థం, వెంటనే మార్చెయ్యాలి. వారానికోసారి బండిని హైవే ఎక్కించి, ఒకే వేగంలో ఇరవై ముప్పై నిమిషాలు నడిపితే ఈ బెడద తగ్గుతుంది.

టర్బోకి ఆయిల్ తెచ్చే సన్న పైపు బోల్టులో కొన్ని మోడళ్లకు చిన్న జల్లెడ ఉంటుంది, విప్పించి చూడండి. ఆయిల్ తిరిగి కిందికి దిగే పైపు ఎక్కడా నొక్కుకుపోకూడదు. ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదర్ పూడుకున్నా ఆయిల్ దిగలేక టర్బో సీళ్ల గుండా బయటికొస్తుంది. అది చూసి ‘టర్బో పోయింది’ అని తేల్చేసేవాళ్లు చాలామంది. బ్రీదర్ కడిగితే పోయే జబ్బుకి వేలకు వేలు వదులుతాయి.

పొద్దున్నే స్టార్ట్ చేశాక అర నిమిషం రేజ్ చెయ్యకండి. లోడుతో వంతెన ఎక్కి దిగి, వెంటనే టీ కొట్టు దగ్గర తాళం తీసేస్తే వేడి టర్బోలో నిలిచిన ఆయిల్ మాడి గట్టిపడుతుంది. ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపండి. అదే మిల్లు ఆవరణలో కాటా దాకా నిదానంగా పాకుతూ వచ్చిన బండినైతే మళ్లీ ఐదు నిమిషాలు ఆడించడం డీజిల్ దండగ.

ఇంజన్ చల్లగా, ఆగి ఉన్నప్పుడు టర్బో ముందున్న గొట్టం తీసి షాఫ్టును వేళ్లతో కదపండి. పక్కలకు కాస్త ఆడితే ఫరవాలేదు. ముందుకూ వెనక్కూ ఆట తెలియకూడదు. రెక్కల అంచులు గోడకి రాసుకున్న గీతలు కనిపిస్తే రిపేరు కోతల తరవాత అనుకోవద్దు.

కోత మిషను పక్కన నిలబెట్టిన బండి పీల్చేదంతా ఊక దుమ్మే. ఫిల్టరును టైరుకేసి కొట్టి దులపకండి, కాగితం చిరుగుతుంది. తక్కువ ప్రెషర్ గాలిని లోపలి నుంచి బయటికి కొట్టాలి. ఫిల్టరు నుంచి టర్బో దాకా ఉన్న గొట్టం పగిలితే పెద్దగా చప్పుడు రాదు, దుమ్ము మాత్రం నేరుగా వెళ్లి రెక్కల్ని అరగదీస్తుంది. టర్బో తరవాతి గొట్టం పగిలితే ‘స్‌స్’ అని చప్పుడు, నల్ల పొగ, లాగుడు తగ్గడం కనిపిస్తాయి. ఆ గొట్టాల్లో 10 పీఎస్ఐ మించకుండా గాలి నింపి సబ్బు నీళ్లు రాయిస్తే బుడగలే చోటు చూపిస్తాయి. భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల ట్రేలు మోసే బండ్లకు ఉప్పునీరు కారి క్లాంపులు, సెన్సర్ కనెక్టర్లు తుప్పు పడతాయి. ఏ రోజు ఉప్పు ఆ రోజే మంచినీళ్లతో కడగాలి.

ఇక బూస్ట్, అంటే టర్బో నెట్టే గాలి ఒత్తిడి, పెంచే మోజు. అమెరికాలో 7.3 లీటర్ల ఫోర్డ్ పెట్రోల్ పికప్‌కి టర్బో బిగించిన వీడియోలు చూసి ఇక్కడ చిన్న పెట్రోల్ బండికి అడుగుతున్నారు. టర్బో లేకుండానే ఆ ఇంజన్ సిలిండరులో గాలిని నొక్కే నిష్పత్తి (కంప్రెషన్) 10.5:1. దాని మీద గాలి నొక్కితే స్పార్క్ మంట పాకేలోపే పెట్రోల్ తనంతట తాను పేలి పిస్టన్లు పగులుతాయి. అందుకే అక్కడ బూస్ట్ తక్కువలో ఉంచి, ఇంజెక్టర్లు పెద్దవి వేసి, ఈసీయూలో (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) స్పార్క్ కాస్త ఆలస్యంగా పడేలా మార్చి, ప్లగ్ గ్యాప్ తగ్గిస్తారు. పైగా అలా పేలకుండా పెట్రోల్ ఎంత తట్టుకుంటుందో చెప్పే ఆక్టేన్ అంకె అక్కడి బంకు మీద 91 అని ఉంటే మన లెక్కలో సుమారు 95. డీజిల్ బండికి చిప్పు పెట్టి బూస్ట్ పెంచినా ముందు తినేది క్లచ్చు, తరవాత టర్బో. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఇలాంటి మార్పుల్ని ఒప్పుకోదు. 182ఏ(4) కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు క్లెయిముకు అడ్డం చెప్పడానికీ అదే సాకు.

డ్రెయిను పొంగి పుంత రోడ్డు మునిగితే, గాలి పీల్చే మూతి ఎంత ఎత్తులో ఉందో తెలియకుండా బండి దించకండి. నీళ్లలో ఆగిపోతే మళ్లీ స్టార్ట్ కొట్టొద్దు. నీరు నొక్కుకోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. బయటికి లాగించి ఫిల్టరు తడిసిందా, ఆయిల్ పాలలా మారిందా చూడాలి. ఇంజెక్టర్లు విప్పి నీళ్లు బయటికి కొట్టించాకే సెల్ఫ్ వెయ్యాలి.

టర్బో సీలు పూర్తిగా పోతే డీజిల్ ఇంజన్ తన ఆయిల్‌నే తాగి అదుపు తప్పి రేజ్ అవుతుంది, తాళం తీసినా ఆగదు. టాప్ గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి క్లచ్ ఒక్కసారిగా వదలండి. అలా కుదరకపోతే గాలి మూతికి చెక్క అడ్డం పెట్టాలి. చెయ్యి, గుడ్డ పెట్టొద్దు, లాగేస్తుంది. అదీ కుదరకపోతే దూరంగా జరగండి. కొత్త టర్బో బిగించే ముందు టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌లో నిలిచిన ఆయిల్ మొత్తం కడిగించాలి, లేకపోతే మళ్లీ అదే కథ. టర్బో ఆయిల్ రంధ్రంలో శుభ్రమైన ఆయిల్ పోసి, డీజిల్ అందకుండా చేసి పది సెకన్లు సెల్ఫ్ తిప్పాకే ఇంజన్ స్టార్ట్ చెయ్యాలి.