ప్రముఖుల కథలతో ఏఎల్ఎస్ గురించి నలుగురికీ చెప్పడం ఎలా

ఏఎల్ఎస్ గురించి నలుగురిలో మాట్లాడాల్సి వస్తే జబ్బు పూర్తి పేరుతో మొదలుపెట్టకండి. ఎమియోట్రాఫిక్ లాటరల్ స్క్లెరోసిస్ అనగానే సగం మంది ఫోన్లు తీస్తారు. ఒక మనిషి పేరుతో మొదలుపెట్టండి. స్టీఫెన్ హాకింగ్ అంటే చాలు, చక్రాల కుర్చీ, కంప్యూటర్ గొంతు అందరికీ గుర్తొస్తాయి.

మా అన్నయ్యకు ఈ జబ్బు వచ్చినప్పటి నుంచి నేను దీని గురించి చెబుతూనే ఉన్నాను. మొదట బంధువులకు, తర్వాత అతని ఆఫీసు వాళ్లకు, ఆ తర్వాత కాలేజీ పిల్లలకు, నర్సింగ్ విద్యార్థులకు. అన్నయ్య ఇప్పుడు లేడు. చెప్పడం మాత్రం ఆపలేదు. ప్రముఖుల కథలు వినేవాళ్ల చెవులు తెరిపిస్తాయి, కానీ సగమే చెబితే రోగికి, ఇంట్లో వాళ్లకు హాని చేస్తాయి. అందుకే ఏ కథను ఎవరికి ఎలా చెప్పాలో రాస్తున్నాను.

ముందు జబ్బు సంగతి నోటికి రావాలి

ఏ కథ ఎత్తుకున్నా ముందు ఈ నాలుగు మాటలు తడబడకుండా చెప్పగలగాలి. మెదడు, వెన్నుపాముల నుంచి కండరాలకు ఆదేశాలు మోసే కణాలను మోటార్ న్యూరాన్లు అంటారు. ఏఎల్ఎస్‌లో అవి క్రమంగా చచ్చిపోతాయి. ఆదేశం అందని కండరం సన్నబడిపోతుంది. చెయ్యో, కాలో, మాటో ముందు దెబ్బతింటుంది, చివరకు మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమవుతాయి. ఇది అంటువ్యాధి కాదు. వందలో దాదాపు 90 మందికి కుటుంబంలో అంతకుముందు ఎవరికీ ఉండదు. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో దీన్నే మోటార్ న్యూరాన్ డిసీజ్, పొట్టిగా ఎంఎన్‌డీ అంటారు కాబట్టి కథలు వెతికేటప్పుడు ఆ పేరుతో కూడా వెతకండి.

స్పర్శ పోదన్న సంగతి తప్పకుండా చెప్పండి. చెయ్యి కదలదు, కానీ ముక్కు మీద దురద తెలుస్తూనే ఉంటుంది. అన్నయ్యకు చివరి సంవత్సరంలో నొప్పికన్నా దురదే ఎక్కువ నరకం చూపించింది. ఈ ఒక్క మాట చెబితే గది మొత్తం నిశ్శబ్దంగా వింటుంది. అంకెలు అంతగా పనిచేయవు.

ఇంకొకటి. హాకింగ్‌ను చూసి ‘ఒళ్లు పోయినా బుద్ధి చెక్కుచెదరదు’ అని చాలామంది చెప్పేస్తారు. అందరి విషయంలో అది నిజం కాదు. సగం మంది వరకు ఆలోచనలోనో ప్రవర్తనలోనో కొంత మార్పు రావచ్చు. కొందరికి ప్రవర్తన, మాట, ఆలోచన దెబ్బతినే ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియా అనే మెదడు జబ్బు కూడా వస్తుంది. ఇది దాచకండి. లేకపోతే మనిషి ఉన్నట్టుండి మొండిగానో ముభావంగానో మారినప్పుడు, కావాలనే చేస్తున్నాడని ఇంట్లో వాళ్లు కోప్పడతారు.

హాకింగ్ పక్కన గెరిగ్‌ను కూర్చోబెట్టండి

అన్నిటికన్నా ముఖ్యమైన సూచన ఇదే: ఒక్క కథతో ఎప్పుడూ ఆపకండి.

హాకింగ్‌కు 1963లో, 21 ఏళ్ల వయసులో ఈ జబ్బు ఉందని తేలింది. రెండేళ్లకు మించి బతకరని డాక్టర్లు అనుకున్నారు. 2018 మార్చిలో, 76 ఏళ్ల వయసులో చనిపోయారు. అంటే దాదాపు 55 ఏళ్లు. ఇది అత్యంత అరుదు. లక్షణాలు మొదలయ్యాక ఎక్కువమంది బతికేది రెండు నుంచి ఐదేళ్లే. పదేళ్లు దాటేవాళ్లు నూటికి పది మంది దాకా ఉంటారు.

‘హాకింగ్‌ని చూడు, నీకేం కాదు’ అని మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ అనేవాళ్లు. ప్రేమతోనే అనేవాళ్లు. అన్నయ్య తల ఊపేవాడు. వాళ్లు వెళ్లాక ఆ సాయంత్రమంతా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. అతనికి చేయాల్సిన పనులు చాలా ఉండేవి. మాట స్పష్టంగా ఉండగానే గొంతు రికార్డు చేసి పెట్టుకోవాలి, తిండికి పొట్టలోకి పెగ్ ట్యూబ్ వేయించుకోవాలా వద్దా తేల్చుకోవాలి, రాత్రిళ్లు ఊపిరికి బైపాప్ మెషీన్ అలవాటు చేసుకోవాలి, బ్యాంకు కాగితాలు చూసుకోవాలి. ఇంకా యాభై ఏళ్లుందన్న ధైర్యం చెబితే ఈ పనులన్నీ వెనక్కి పోతాయి.

అందుకే హాకింగ్ పేరు ఎత్తిన వెంటనే లూ గెరిగ్ కథ చెప్పండి. న్యూయార్క్ యాంకీస్ జట్టులో బేస్‌బాల్ ఆడేవారు. 1925 నుంచి 1939 దాకా ఒక్క మ్యాచ్ కూడా మానకుండా వరసగా 2130 మ్యాచ్‌లు ఆడారు. 1938లో ఆట తగ్గింది. 1939 మే 2న తనను ఆడించవద్దని తానే చెప్పి కూర్చున్నారు. జూన్ 19న, సరిగ్గా 36వ పుట్టినరోజు నాడు, మేయో క్లినిక్‌లో జబ్బు పేరు చెప్పారు. జూలై 4న యాంకీ స్టేడియంలో నిలబడి, ఈ భూమ్మీద తనంత అదృష్టవంతుడు లేడన్నారు. 1941 జూన్ 2న చనిపోయారు, రెండేళ్లు కూడా నిండలేదు. ఈ జబ్బును 1869లోనే ఫ్రాన్స్‌లో జాన్ మార్టిన్ షార్కో వర్ణించారు, కానీ అమెరికాలో మామూలు జనానికి తెలిసింది గెరిగ్ వల్లే. అక్కడ ఇప్పటికీ దీన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. 2021 నుంచి మేజర్ లీగ్ బేస్‌బాల్ ఏటా జూన్ 2ను ఆయన పేరిట జరుపుతోంది.

గెరిగ్ కథ ఇంకో పనికీ వస్తుంది. ఈ జబ్బు ఎలా మొదలవుతుందో అందులో ఉంది. పెద్ద నొప్పి లేదు, జ్వరం లేదు. రోజూ చేసే పని చేతకాకుండా పోవడం, అంతే. అన్నయ్యకు చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమైంది, తాళం తిప్పలేకపోయాడు. అలసటేమోనని, మెడ నరం నొక్కుకుందేమోనని నెలలు గడిచాయి. చాలామందికి జబ్బు తేలేసరికి ఏడాది పడుతుంది. అయితే దీంతో పాటు మరో మాట చెప్పి తీరాలి: కండరాలు అదరడం ఒక్కటే ఉండి, బలం తగ్గకపోతే చాలావరకు భయపడాల్సింది కాదు. లేకపోతే మీ మాట విన్న కుర్రాడు ఆ రాత్రి కనురెప్ప అదిరిందని నిద్రపోడు.

హాకింగ్ జీవితంలో ఎక్కువగా చెప్పాల్సింది 1985

భౌతికశాస్త్రం గురించి ఎక్కువ చెప్పకండి, అది వాళ్లకు తెలుసు. 1985లో జెనీవాలో ఉండగా ఆయనకు న్యుమోనియా వచ్చింది. ప్రాణం నిలపడానికి ట్రాకియాస్టమీ, అంటే ఊపిరి ఆడేందుకు గొంతు ముందు రంధ్రం చేశారు, దాంతో మాట పూర్తిగా పోయింది. ఆ తర్వాత కొన్నాళ్లు ఎదుటివాళ్లు అట్ట మీద అక్షరాలు చూపిస్తుంటే కనుబొమ్మ ఎత్తి సరైనదాన్ని ఎంచుకునేవారు. తర్వాత చేతిలో స్విచ్ నొక్కి కంప్యూటర్‌తో మాట్లాడారు. చెయ్యీ పోయాక చెంప కండరం కదలికను పట్టే సెన్సర్ వచ్చింది. ఇరవై నాలుగు గంటలూ నర్సులు ఉండేవారు. మెరుగైన కృత్రిమ గొంతులు వచ్చినా పాత గొంతునే ఉంచుకున్నారు, అది తనదేనన్నట్టు.

ఇది విన్నాక జనానికి ఒక సంగతి అర్థమవుతుంది. ఒక దారి మూసుకుపోయినప్పుడల్లా పక్కన ఇంకో దారి వెతికిపెట్టే మనుషులు, పరికరాలు ఉండబట్టే ఆయన పని చేయగలిగారు. ‘సంకల్పబలం’ అని ఒక్క మాటలో తేల్చేస్తే, ఆ సాయం లేని రోగులకు సంకల్పం లేదన్నట్టు అవుతుంది. ‘జబ్బుతో పోరాడి ఓడిపోయారు’ అన్న మాట కూడా నేను వాడను. అన్నయ్య తక్కువ పోరాడాడని ఎవరూ అనుకోకూడదు.

ఈ చోట ఒక పని చేయించండి. ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టండి. ఒకరు కదలకూడదు, మాట్లాడకూడదు, కనురెప్ప మాత్రమే ఆర్పాలి. రెండోవాళ్లు కాగితం మీద అక్షరాలు వరసలుగా రాసి, ముందు వరస, తర్వాత అందులో అక్షరం ఒక్కొక్కటిగా చూపుతూ రావాలి. ‘నీళ్లు’ అన్న చిన్న మాటకు ఎంత సేపు పడుతుందో, మధ్యలో ఊహించి తప్పు మాట పూర్తిచేస్తే ఎంత చిరాకు పుడుతుందో వాళ్లకే తెలుస్తుంది. సంగీతం ఇష్టపడేవాళ్లుంటే గిటారిస్టు జేసన్ బెకర్ పేరు చెప్పండి. 1990లో, 20 ఏళ్లకే జబ్బు తేలింది. వాళ్ల నాన్న తయారుచేసిన పద్ధతిలో కళ్ల కదలికతో అక్షరాలు చెబుతూ, చేతులు పోయాక కూడా సంగీతం కూర్చారు. గాయని రొబర్టా ఫ్లాక్ తాను ఇక పాడలేనని 2022లో బయటపెట్టారు, 2025లో కన్నుమూశారు.

కుర్రవాళ్లకు ఐస్ బకెట్

2014 వేసవిలో ఏఎల్ఎస్‌కు విరాళాల కోసం ‘ఐస్ బకెట్ చాలెంజ్’ పేరుతో తల మీద చల్లటి నీళ్లు పోసుకున్న వీడియోలు అందరూ చూసే ఉంటారు. ఫేస్‌బుక్‌లోనే కోటీ 70 లక్షలకు పైగా వచ్చాయి. దాన్ని ఊరూరా మోగించింది పీట్ ఫ్రేట్స్, పాట్ క్విన్, ఆంథొనీ సెనెర్కియా అనే ముగ్గురు రోగులు, వాళ్ల కుటుంబాలు, స్నేహితులు. ఫ్రేట్స్ కాలేజీ బేస్‌బాల్ కెప్టెన్‌గా చేసిన కుర్రాడు. ఆ ముగ్గురి పేర్లు చెప్పండి, ఎందుకంటే వీడియో గుర్తున్నవాళ్లకు వాళ్లు గుర్తుండరు. సెనెర్కియా 2017లో, ఫ్రేట్స్ 2019లో, క్విన్ 2020లో చనిపోయారు. 2014లో ఆ చాలెంజ్‌కు హాకింగ్‌ను కూడా పిలిచారు. అంతకుముందు ఏడాదే న్యుమోనియా రావడంతో ఆయన బదులు పిల్లలు నీళ్లు పోయించుకున్నారు.

‘ఆ డబ్బంతా ఏమైంది’ అని తప్పకుండా అడుగుతారు. జవాబు సిద్ధంగా ఉంచుకోండి. అమెరికాలోని ఏఎల్ఎస్ అసోసియేషన్‌కు ఆ వేసవిలో 11 కోట్ల 50 లక్షల డాలర్లు వచ్చాయి, అందులో పెద్ద భాగం పరిశోధనకు వెళ్లింది. ఆ సాయంతో సాగిన పనిలోనే 2016లో ఎన్ఈకే1 అనే జన్యువుకు ఈ జబ్బుతో సంబంధం ఉందని తేలింది. రెలివ్రియో అనే మందు పరీక్షలకూ కొంత డబ్బు వెళ్లింది. దానికి 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది, కానీ తర్వాతి పెద్ద పరీక్షలో పనిచేయలేదని తేలి 2024లో కంపెనీయే వెనక్కి తీసుకుంది. ఈ చివరి సంగతి కూడా చెప్పండి. గెలిచినవే చెప్పేవాళ్లను రెండోసారి ఎవరూ నమ్మరు.

మీరూ అలాంటిదేదైనా చేయించాలనుకుంటే, నీళ్లు పోసుకునే ముందు ప్రతివాళ్లూ జబ్బు గురించి ఒక వాస్తవం కెమెరాకు చెప్పాలని నియమం పెట్టండి. ఒక్కసారితో వదిలేయకండి కూడా. ఆస్ట్రేలియాలో ఫుట్‌బాల్ కోచ్ నీల్ డానిహర్ తనకు జబ్బు తేలాక ఫైట్‌ఎంఎన్‌డీ సంస్థ స్థాపనలో పాలుపంచుకున్నారు. 2015 నుంచి ఏటా మెల్‌బోర్న్‌లో ఒక పెద్ద మ్యాచ్‌కు ముందు పేరున్నవాళ్లు మంచునీళ్ల తొట్టిలోకి జారతారు. ఏటా అదే మ్యాచ్‌కు రావడం వల్ల జనం మర్చిపోరు. 2025లో ఆయనకు ‘ఆస్ట్రేలియన్ ఆఫ్ ద ఇయర్’ గౌరవం దక్కింది.

స్నేహితులకు, సహోద్యోగులకు

వీళ్లకు రాబ్ బరో, కెవిన్ సిన్‌ఫీల్డ్‌ల గురించి చెప్పండి. ఇద్దరూ ఇంగ్లండ్‌లోని లీడ్స్ రైనోస్ జట్టుకు రగ్బీ లీగ్ ఆడారు. 2019 డిసెంబర్‌లో బరోకు జబ్బు తేలింది. ఏడాది తర్వాత సిన్‌ఫీల్డ్ నిధుల కోసం ఏడు రోజుల్లో ఏడు మారథాన్లు పరుగెత్తారు. 2023 మేలో లీడ్స్ మారథాన్‌లో బరోను చక్రాల కుర్చీలో తోసుకుంటూ వచ్చి, చివరి గీత దగ్గర చేతుల్లోకి ఎత్తుకుని దాటించారు. బరో 2024 జూన్ 2న, 41 ఏళ్లకు చనిపోయారు.

మారథాన్ పరుగెత్తమని ఎవరినీ అడగడం లేదు. ఏం మాట్లాడాలో తెలియక స్నేహితులు రావడం మానేస్తారు, అదే అసలు బాధ. అన్నయ్య స్నేహితుడొకడు వారం వారం వచ్చి గడ్డం గీసి, ఆఫీసు కబుర్లన్నీ చెప్పి వెళ్లేవాడు. జవాబు కోసం తొందరపెట్టేవాడు కాదు. ఆ కబుర్లకు అన్నయ్య కళ్లు నవ్వేవి. మీకు తెలిసిన ఇలాంటి మనిషి ఉంటే పేరు చెప్పకుండా ఆ సంగతి కలపండి.

అధికారుల ముందు

ఇక్కడ కన్నీళ్లకన్నా మారిన చట్టాలు పనిచేస్తాయి. ఈ జబ్బు వచ్చిన స్టీవ్ గ్లీసన్, న్యూ ఆర్లియన్స్ సెయింట్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు మాజీ ఆటగాడు. ఆయన పేరుతో 2015లో వచ్చిన అమెరికా చట్టం, మాట పోయినవాళ్లకు మాట్లాడే పరికరాలు మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా కింద అందేలా చేసింది. 2017లో జబ్బు తేలిన బ్రయన్ వాలక్, భార్య శాండ్రా అబ్రెవాయాతో కలిసి చేసిన ఉద్యమం 2021లో అమెరికాలో ఈ జబ్బు పరిశోధనకు, ప్రయోగదశలోని మందులు రోగులకు అందడానికి నిధులిచ్చే ‘యాక్ట్ ఫర్ ఏఎల్ఎస్’ చట్టం రావడానికి తోడ్పడింది. జపాన్‌లో యసుహికో ఫునాగో ఈ జబ్బుతోనే 2019లో ఎగువసభకు ఎన్నికయ్యారు, ఆయన కుర్చీ పట్టేలా సభలో మార్పులు చేశారు. ఈ మూడూ చెప్పి, మీకు కావాల్సింది ఒక్కటి స్పష్టంగా అడగండి.

మాట్లాడే రోజు ఉదయం, మీరు చెప్పబోయే ప్రతి వ్యక్తీ బతికే ఉన్నారో లేదో చూసుకోండి. ఈ జబ్బు విషయంలో అది త్వరగా మారుతుంది. వాళ్లంతట వాళ్లు బయటపెట్టినదే చెప్పండి. ఎదురుగా రోగి కూర్చుని ఉంటే, ఆయుర్దాయం అంకెలు వినడం ఇష్టమేనా అని ముందే విడిగా అడగండి.

మందు ఉందా అని అడిగితే సూటిగా చెప్పండి: నయం చేసే మందు ఇంకా లేదు. 1995 నుంచి ఉన్న రిలుజోల్ కొన్ని నెలల ఆయుష్షు పెంచుతుంది. 2023లో అమెరికాలో అనుమతి పొందిన టోఫర్సెన్, ఎస్ఓడీ1 జన్యువులో మార్పు ఉన్న కొద్దిమందికే. ఊపిరికి మెషీన్, తగినంత పోషణ, అన్ని రకాల నిపుణులూ ఒకేచోట చూసే క్లినిక్ రోజులను పెంచుతాయి, తేలిక చేస్తాయి.

అంతా లేచి వెళ్లాక ఒకరు ఆగి తన చెయ్యి చూపిస్తారు. మీరు జబ్బు పేరు చెప్పకండి, ఏం కాదని కూడా అనకండి. ఏ పని ఎప్పటి నుంచి కష్టమైందో తేదీలతో రాసుకోమనండి. నడకనో మాటనో నెలకోసారి ఫోన్‌లో వీడియో తీసుకోమనండి. ఆ కాగితం, ఆ వీడియో పట్టుకుని న్యూరాలజిస్టును కలవమనండి. ఒక్క పరీక్షతో తేలిపోయే జబ్బు కాదు కాబట్టి, కాలంతో పాటు ఏం మారిందో చూపించే ఆ రికార్డు డాక్టరుకు చాలా పనికొస్తుంది.